పాత అర్జీలే పరిశీలనలో ఉన్నవి

జగ్గయ్యపేట,
12 ఆగస్టు 1957

తమ్ముడు ప్రేమానందానికి అక్క దేవమణి దీవెనలు.

నేను క్షేమం. నీవు క్షేమమని నీ కార్డులోని ఒకే ఒక్క వాక్యాన్నిబట్టి నమ్ముతున్నాను. ఆ వాక్యం పోయిన నెల కార్డులోనూ, అంతకు ముందు నెల కార్డులోనూ అక్షరం మారకుండా ఉన్నది. కార్డులు ఏడాదికి సరిపడా ఒకేసారి వ్రాసి ఉంచుకున్నావేమోనని నా అనుమానం.

మరదలు ఆరోగ్యమ్మ ప్రభువునందు నిద్రించి వచ్చే నెలకు రెండేళ్లు. నీవు గుడికి వెళ్లడం మానిన సంగతి, బైబిలును ట్రంకు పెట్టె అడుగున పెట్టి పైన దుప్పట్లు పేర్చిన సంగతి నాకు తెలియనట్లే ఉంటున్నాను. ఈ ఉత్తరం దానిగురించి కాదు. పనిగురించి.

మిషను దొరసానమ్మగారు స్వదేశం వెళ్లాక, మా బైబిలు స్త్రీల పని చూడటానికి ప్రేమదాసు అయ్యగారు వచ్చారు. ఆయన మంచివారు, నిబంధనలు ఇంకా మంచివి. వాటిలో ఒకటి ఇది: బైబిలు స్త్రీ వాక్యాన్ని జ్ఞాపకంమీద చెప్పరాదు, కూటంలో కాగితం చూసి చదవాలి, చదివేవారు లేనిచోట సర్కిలు, అంటే ఆమె తిరిగే ఊళ్ల పని, మూసివేయాలి. తనిఖీ ఫిబ్రవరిలో. నా సర్కిలు మూస్తే పెనుగంచిప్రోలు పల్లె ఆడవాళ్లకు దగ్గర గుడి ఏడు మైళ్లు, నడుమ మునేరు. పొద్దంతా మిరపకాయలు కోసినవాళ్లు ఏరు దాటి వాక్యం వినడానికి వెళ్లరు. ఇరవై రెండేళ్లు నేను నడిచిన దారిమీద గడ్డి మొలుస్తుంది.

ఈ మధ్య బైబిళ్లలో అచ్చు మరీ చిన్నగా వేస్తున్నారు. పైగా ఆదెమ్మ ఉన్నది. నలభయ్యో ఏట నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న కూలిమనిషి. బొటనవేలి గోరంత అక్షరమైతే కూడబలుక్కుని చదువుతుంది, అచ్చు మాత్రం చీమల బారు అంటుంది. కాబట్టి నీ ముత్యాల్లాంటి దస్తూరితో, గోరంత అక్షరాలతో, కొన్ని కీర్తనలు వ్రాసి పంపు. ముందు పదమూడోది. కాగితాలు వృథా చేయకు, ఒక్కో కీర్తన ఒక్కో కాగితంలో సర్దు.

ఇక్కడ వానలు పడుతున్నాయి. సాయంత్రాలు నాకు చాలా అందంగా కనిపిస్తున్నాయి. మునేటి ఇసుక, ఆకాశం వేరువేరుగా ఉండటం మానేశాయి. మనుషులు మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నట్లుంది. వయసు పైబడితే లోకం ఇంత మెత్తబడుతుందని నాకెవరూ చెప్పలేదు.

నీ మేలు కోరే
అక్క దేవమణి

నందిగామ,
20 ఆగస్టు 1957

మహారాజశ్రీ అక్కగారి సముఖమునకు, తమ్ముడు ప్రేమానందం వ్రాసుకొనునది.

తమరి లేఖ చేరినది, చదువబడినది, సంచిలో భద్రపరచబడినది. నేను క్షేమం. (ఈ వాక్యం ఈసారి కొత్తగా వ్రాసితిని.)

తమరు కోరిన పని నిమిత్తం ట్రంకు పెట్టెలోని దుప్పట్లు తొలగించి పుస్తకం పైకి తీయడమైనది. దీనినిబట్టి తమరు తొందరపడి సంతోషించవద్దు. నకలు వ్రాయడం వేరు, చదవడం వేరు. పదకొండు సంవత్సరాలుగా మా తాలూకా ఆఫీసులో వేల పుటలు నకలు వ్రాసితిని. వాటిలో ఏమున్నదని ఎవరైనా అడిగిన పక్షంలో ఒక్క పంక్తి చెప్పలేను. చదివే గుమాస్తా చేయి ఆగును. చేయి ఆగిన గుమాస్తా పైకి రాడు.

పదమూడో కీర్తన జతపరచడమైనది. ఒక్క కాగితంలో, గోరంత అక్షరంతో సర్దవలెనన్న ఉత్తర్వు చొప్పున తయారుచేసితిని. తమరి దగ్గరి ప్రతి చెదిరిన పక్షంలో ఉపయోగపడునని ఇక్కడ కూడా వ్రాయుచున్నాను:

"పదమూడో కీర్తన. అర్జీదారు: ఒక రాజు. విషయము: దేవుడు తనను మరచిపోవుట గురించి. ఎన్నాళ్లు అని అర్జీదారు నాలుగు పర్యాయములు అడిగెను. జవాబు వచ్చినట్లు దాఖలా లేదు. అయినను చివరన తనకు మేలు జరిగినదని వ్రాసి, పాట పాడెదనని చెప్పి ముగించెను. మేలు ఏదో వివరింపలేదు."

మా ఆఫీసులో ఎంత పొడుగు కాగితమైనా పైఅధికారికి ఈ విధంగానే కుదించి పెట్టుదుము. అసలు కాగితం చదివిన అధికారి ఇప్పటివరకు లేరు.

ఇక్కడ మధ్యాహ్నాలు పొడుగుగా ఉన్నవి. కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము లేచి, కాగితపు కట్టలమీద వాలి, మరల లేచుచున్నది. ఆ కట్టలు నిద్రపోవుచున్నట్లు తోచును. వాటిని లేపడం నా ఉద్యోగధర్మం కాదు.

ఇట్లు
విధేయుడైన తమ్ముడు
ప్రేమానందం

జగ్గయ్యపేట,
15 సెప్టెంబరు 1957

ప్రియమైన తమ్ముడికి దీవెనలు.

నీ కాగితం చేరింది. అక్షరాలు బాగున్నాయని ఆదెమ్మ అన్నది. ఆదివారం పొద్దువాలే వేళ పెనుగంచిప్రోలు పల్లెలో, పున్నమ్మ ఇంటి ముందు కూటం పెట్టాం. పున్నమ్మ ఎవరో నీకు చెప్పలేదు. భర్త పోయిన మనిషి, మిరపచేల కూలి. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోనని కూడా అనదు. ప్రతి కూటానికీ వస్తుంది. ప్రశ్నలు అడగడానికి వస్తుందని నా నమ్మకం.

ఆదెమ్మ లేచి చదివింది. రెండో పంక్తి దగ్గరే అది కీర్తన కాదని తెలిసింది. కానీ నలభై మంది ఎదుట, బ్రతుకులో మొదటిసారి నిలబడి చదువుతున్న మనిషిని ఆపలేకపోయాను. చివరిదాకా చదివి, చెమట తుడుచుకుని కూర్చున్నది. అప్పుడు పున్నమ్మ గొంతు వినిపించింది.

"నాలుగుసార్లడిగాడంటండి?"

"నాలుగుసార్లే" అన్నాను.

"గెంటెయ్యలేదంటండి?"

"లేదు."

"మావూళ్లో అయితే రెండోసారికే కుక్కనొదులుతారు. నాలుగుసార్లడిగినా ఊరుకున్నాడంటే మంచోడే."

పక్కనున్నవాళ్లు నవ్వారు, ఆమె నవ్వలేదు. తమ్ముడూ, ఆ కీర్తన నేను ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. దేవుడు మంచివాడని ఇంత తొందరగా ఎవరూ తేల్చలేదు. ప్రార్థన చేసి ముగించాను.

తర్వాతి కీర్తనలు మరికొంచెం పొడుగ్గా ఉన్నా ఫరవాలేదు. ఎనభై ఎనిమిదోది పంపు. కాగితాల లోభం చేసింది నా పొరపాటే.

తిరుగుదారిలో ఏటి ఒడ్డున ఆగాం. కొత్తనీరు వచ్చింది. నాకు నీరు కనబడలేదు గాని, ఒక పెద్ద తెల్లదనం మాట్లాడుకుంటూ వెళ్తున్నట్లుంది. చాలాసేపు వింటూ కూర్చున్నాను.

నీ అక్క
దేవమణి

నందిగామ,
2 అక్టోబరు 1957

అక్కగారికి తమ్ముడు ప్రేమానందం నమస్కరించి విన్నవించునది.

నా ముసాయిదాకు పెనుగంచిప్రోలులో లభించిన ఆదరణ తెలిసి సంతోషించితిని. పదకొండు సంవత్సరాల ఉద్యోగంలో నేను వ్రాసిన కాగితం విని ఒక మనిషి అభిప్రాయం మార్చుకోవడం ఇదే ప్రథమం. పొడిగింపవలెనన్న కోరిక చొప్పున ఈసారి గుమాస్తా అభిప్రాయాన్ని కూడా చేర్చితిని:

"ఎనభై ఎనిమిదో కీర్తన. అర్జీదారు రేయింబవళ్లు మొరపెట్టుచున్నట్లు తెలియజేసెను. తన స్నేహితులను దూరము చేసితివని ఆరోపించెను. చనిపోయినవారికి మేలు చేసి ఏమి లాభము, బ్రతికి ఉండగా చేయవలెను గదా అని ప్రశ్నించెను. గుమాస్తా అభిప్రాయము: ప్రశ్న సమంజసము. చివర మేలు ప్రస్తావన లేదు, చీకటి ఉన్నది. అర్జీ తిరస్కరించినట్లు ఎక్కడను వ్రాసి లేదు. ఫైలు మూయబడలేదు."

నాలుగో పంక్తి దగ్గర ఒక సిరామరక పడినది. కలం లోపం. అర్థం వెతకవద్దు.

ఒక్క ఆక్షేపణ. తమరి గత లేఖలో మూడో పంక్తి రెండో పంక్తిమీద ఎక్కి కూర్చున్నది. ఆరో పంక్తి కాగితం దాటి పోయినది, దాని చివరి మాట మీ బల్లమీద ఉండి ఉండును. వీలైన పక్షంలో పంపగలరు. గీతల కాగితం వాడవలసినదిగా ప్రార్థన.

ఇట్లు
తమ్ముడు ప్రేమానందం

జగ్గయ్యపేట,
8 డిసెంబరు 1957

తమ్ముడూ,

ఆలస్యానికి కారణం కాగితం దొరకకపోవడమేనని అనుకో.

ఎనభై ఎనిమిదోది చదివించాం. ఆదెమ్మ "ఫైలు" అన్న మాట దగ్గర ఆగి, "ఇదేంటక్కా?" అని అడిగింది. ఆఫీసులో కాగితాలు పెట్టే కట్ట అన్నాను. అప్పుడు పున్నమ్మ అడిగింది:

"ఇట్టా తిట్టినోడి కాయితం కూడా పుస్తకంలో పెట్టనిచ్చారాండి?"

"దేవుడే పెట్టించాడు."

"చింపలేదా?"

"చింపలేదు."

"మా ఆయన పోయిన రోజున నేనూ ఇట్టాగే అన్నా. పైకే అన్నా. అదీ దాచుంటాడంటారా?"

దాచి ఉంటాడని చెప్పాను. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నట్లుంది.

తమ్ముడూ, ఇక దాపరికం లేకుండా వ్రాస్తున్నాను. నీవు పంపేవి కీర్తనలు కావు, కీర్తనల కబురు. కబురు కూడా మేలే చేస్తున్నది కాబట్టి ఇంతకాలం ఊరుకున్నాను. కానీ కబురు తెచ్చినవాణ్ణి ముంగిట్లో ఉంచి ఇంటాయనకు తలుపు తీయకపోవడం మర్యాద కాదు. ముప్పై నాలుగో కీర్తన మాత్రం ఉన్నదున్నట్లు వ్రాయి. దేవుడు ఉత్తముడన్న సంగతి ఎవరో చెబితే విని ఊరుకోవద్దు, రుచి చూసి తెలుసుకొమ్మని పిలిచే కీర్తన అది. రుచిని కుదించి వ్రాయలేవు.

తనిఖీ ఫిబ్రవరి పదహారు, ఆదివారం. పెనుగంచిప్రోలులోనే. చదవవలసింది ఆ కీర్తనే.

అక్క

నందిగామ,
10 జనవరి 1958

అక్కగారికి,

ఆక్షేపణ అంగీకరింపబడినది. ముప్పై నాలుగో కీర్తన ఇరవై రెండు వచనములు, పూర్తి పాఠము, పదహారు కాగితములు, జతపరచడమైనది. పదకొండు సాయంకాలములు పట్టినది. సాధారణంగా ఇంత కాగితం నాకు మూడు గంటల పని. ఎందువలన ఆలస్యమైనదో విచారణ జరుగుచున్నది.

ఇదే వారంలో మా ఆఫీసు గోడకు అంటించుటకు ఇళ్ల స్థలముల సర్క్యులరు కూడా పెద్ద అక్షరములతో నా చేతనే వ్రాయించిరి. రెండు పనులూ ఒకే బల్లమీద, ఒకే సిరాతో జరిగినవి. టపా కట్టే వేళ దాటుచున్నందున తొందరగా ముగించుచున్నాను.

మూడు ప్రశ్నలకు జవాబు కోరడమైనది. ఒకటి: ఏటా చలికాలంలో నీకు వచ్చే దగ్గు తగ్గినదా? రెండు: పెనుగంచిప్రోలుకు ఇంకా నడిచే వెళ్లుచున్నావా, బండి దొరుకుచున్నదా? మూడు: గత లేఖలో నీ సంతకము తలక్రిందులుగా ఎందుకున్నది?

తమ్ముడు
ప్రేమానందం

జగ్గయ్యపేట,
14 జనవరి 1958

ప్రియమైన తమ్ముడికి,

నీ కవరు ఇప్పుడే చేరింది. ముప్పై నాలుగో కీర్తన చూడగానే ప్రాణం లేచివచ్చింది. ఒక్క మాట కూడా విడవకుండా ఎంత ఓపికగా వ్రాశావు. ఆరోగ్యమ్మ ఉంటే ఎంత సంతోషించేదో. రేపే పల్లెకు తీసుకుపోతున్నాను.

దేవుడు నీ చేతిని దీవించును గాక.

అక్క

నందిగామ,
20 జనవరి 1958

శ్రీమతి దేవమణిగారికి.

ఈ దిగువ విషయములపై తమరు వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.

నిన్న నా బల్ల సొరుగు తెరవగా ముప్పై నాలుగో కీర్తన, పదహారు కాగితములు, యథాతథంగా అందులోనే కనబడినవి. నేను తమరికి పంపినది ఇళ్ల స్థలముల సర్క్యులరు. దాని పాఠం ఇది:

"ఇళ్ల స్థలముల నిమిత్తము పూర్వము అర్జీలు పెట్టుకొనినవారు తిరిగి పెట్టుకొననక్కరలేదు. కొత్త సాక్షులు, కొత్త కాగితములు అవసరము లేదు. పాత అర్జీలే పరిశీలనలో ఉన్నవి. ఆఫీసు చుట్టూ తిరుగవద్దు. పిలుపు వచ్చినప్పుడు రావలెను."

దీనిని చూడగానే తమరికి ప్రాణం లేచివచ్చినదని, ఒక్క మాట కూడా విడువలేదని తమరి లేఖలో ఉన్నది. నా మూడు ప్రశ్నలలో ఒక్కదానికీ జవాబు లేదు. పంక్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, తమరి లేఖను నేను కాగితం త్రిప్పి త్రిప్పి చదువవలసివచ్చినది. పాత లేఖలన్నీ సంచిలోంచి తీసి వరుసగా పరిచితిని. ఆగస్టులో పంక్తులు కొంచెం వంగినవి. సెప్టెంబరులో నీరు కనబడలేదని వ్రాసితివి. అలంకారమనుకొంటిని.

అక్కా, నీకు కళ్లు ఎప్పటినుంచి కనబడటం లేదు?

ప్రేమానందం

జగ్గయ్యపేట,
27 జనవరి 1958

తమ్ముడికి దేవమణి చెప్పగా ఆదెమ్మ వ్రాయునది. అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, కోప్పడకు. ఆమెకు చిన్నవి రావు.

నీ ఉత్తరం టపా తెచ్చిన మనిషిచేత చదివించుకున్నాను. పోయిన వేసవిలో ఎడమ కన్ను, వానల్లో కుడిది. శుక్లాలన్నారు. ఆగస్టులో నీ ఉత్తరం మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబడి పై నాలుగు పంక్తులు చదివాను, వాటికే రెండు గంటలు పట్టింది. తర్వాత అదీ పోయింది. నీకు చెబితే నందిగామ తీసుకుపోయి మూల కూర్చోబెడతావు, అయ్యగారికి తెలిస్తే సర్కిలు మూస్తారు. అబద్ధమాడలేదు, అచ్చు చిన్నదయిందన్నాను. అదీ అబద్ధమేనని ఆదెమ్మ అంటున్నది.

(ఇది ఆదెమ్మ మాట. అయ్యా, అక్క నెల్లాళ్లుగా గోడ పట్టుకుని నడుస్తోంది. మొన్న పొయ్యి దగ్గర చీర కొంగు కాలింది. నేను రాస్తున్నట్టు తనకి తెలీదు.)

నీ సర్క్యులరు కూటంలోనే చదివాం. కవరు విప్పి ఆదెమ్మ చేతికిచ్చాను. మొదటి మాటకే అది కీర్తన కాదని తెలిసింది. ఆపుదామనుకునేలోగా "పాత అర్జీలే పరిశీలనలో ఉన్నవి" అన్న చోటికి వచ్చేసింది. ఎవరో ముసలామె "స్తోత్రం" అన్నది. ఇంకొకామె ఏడ్చింది.

పున్నమ్మ అడిగింది: "ఇళ్ల స్థలాలంటే పరలోకంలోవా అండి, ఇక్కడివా?"

తమ్ముడూ, నాకు ఏమీ కనబడటం లేదు. ఎదురుగా మిరపకాయలు ఆరబోశారు. ఆ ఎరుపొక్కటే నా కళ్లకు అందుతున్నది. ఎర్రటి వెలుగులోంచి గొంతులు వస్తున్నట్లుంది. "రెండు చోట్లా స్థలాలు ఆయనవే" అన్నాను. తర్వాత ఇది వాక్యం కాదని, నా తమ్ముడి ఆఫీసు కాగితమని, పొరపాటున వచ్చిందని చెప్పాను. ఎవరూ నిరుత్సాహపడలేదు. "ఆఫీసోళ్లే కొత్తకాయితం వొద్దంటే దేవుడెందుకు అడుగుతాడు?" అన్నది పున్నమ్మ. ఆమె తొమ్మిదేళ్ల కిందట అర్జీ పెట్టుకున్నదట. అందులోని మాట నిజమేనా అని నిన్ను అడగమన్నది.

గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషను చేస్తారని అందరూ అంటున్నారు. తనిఖీ అయ్యేదాకా కదలను. ఆ రోజు నేను లేకపోతే అంతా పోతుంది.

దేవమణి

(అక్క అబద్ధం. ఇప్పుడు పోకపోతే కళ్లే పోతాయంట. ఆదెమ్మ.)

నందిగామ,
3 ఫిబ్రవరి 1958

అక్కకు. ఈ ఉత్తరం గోరంత అక్షరాలతో వ్రాస్తున్నాను. ఆదెమ్మగారు గట్టిగా చదివి వినిపించగలరు.

పున్నమ్మగారి ప్రశ్నకు జవాబు: నిజం కాదు. ఆ సర్క్యులరు వ్రాసేటప్పుడే నాకు తెలుసు. పాత అర్జీలు పరిశీలనలో లేవు, వెనుకగదిలో కట్టలుగా ఉన్నాయి. నకలు వ్రాసే గుమాస్తా చదవడని ఆగస్టులో నీకు గొప్పగా చెప్పాను. శనివారం వెనుకగదిలోకి వెళ్లాను. దుమ్ము తుడిచాను. పెనుగంచిప్రోలు కట్టలో ముప్పై ఏడు అర్జీలు. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ చినగలేదు. పున్నమ్మగారిది మధ్యలో ఉన్నది, క్రింద వేలిముద్ర. అన్నింటికీ వరుస వేసి అధికారిగారి బల్లమీద పెట్టాను. ఆయన "ఇవి ఎక్కడివి?" అన్నారు. "పరిశీలనలో ఉన్నవండి" అన్నాను. ఉత్తర్వు రాలేదు. వస్తుందని చెప్పలేను. కానీ ఇప్పుడు ఆ మాట అబద్ధం కాదు.

ఇక నీ విషయం. శుక్రవారం జగ్గయ్యపేట వచ్చి నిన్ను గుంటూరు తీసుకువెళ్తాను. వారం రోజుల సెలవుకు అర్జీ పెట్టాను. పదహారో తేదీ తనిఖీకి నీ బదులు నేను వెళ్తాను. కీర్తన ఆదెమ్మగారూ నేనూ కలిసి చదువుతాం. నిబంధనలో చదివేవారు ఉండాలని ఉన్నది గాని, చదివేవారికి విశ్వాసం ఉండాలని వ్రాసినట్లు లేదు.

ప్రేమానందం

నందిగామ,
19 ఫిబ్రవరి 1958

గుంటూరు ఆసుపత్రిలో కళ్లకు కట్టుతో పడుకొని ఉన్న మా అక్క దేవమణిగారికి. చదివి వినిపించే నర్సమ్మగారికి ముందుగా వందనములు.

పెనుగంచిప్రోలు తనిఖీ నివేదిక. మా ఆఫీసు పద్ధతిలో ఫలితం ముందు వ్రాసి కారణములు తరువాత వ్రాయుదుము. ఫలితం: సర్కిలు మూయబడలేదు. నీ కళ్ల కట్టు విప్పి, నీవు తిరిగి నడిచేవరకు ఆదెమ్మగారు చదువుతారు. ప్రేమదాసు అయ్యగారు పుస్తకంలో వ్రాసి సంతకం పెట్టారు. కారణములు ఈ దిగువ.

ఆదివారం మూడు గంటలకు పల్లె చేరాను. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలిలో ఆ ఘాటు, దూరాన ఏటి చప్పుడు, మధ్యలో ఆడవాళ్లు కూర్చున్నారు. ఎండ పొగలా ఉన్నది. నీవు వ్రాసిన లోకం అదేననుకుంటాను. నాకు కళ్లు బాగానే ఉన్నా, అక్కడున్నంతసేపు ఏదీ గట్టిగా నేలమీద ఉన్నట్లనిపించలేదు.

అయ్యగారికి కుర్చీ వేశారు. నేను నిలబడ్డాను. నీవు ఎందుకు రాలేదో ఉన్నదున్నట్లు చెప్పాను. జ్ఞాపకంమీద చెప్పడం, కళ్లు పోవడం, దాచడం, అన్నీ. అయ్యగారు కలం మూత తీశారు. ఆదెమ్మగారు ఆయన వ్రాయడం మొదలుపెట్టకముందే లేచి చదవడం మొదలుపెట్టారు. ఒక్కో మాటనూ నేలమీద నుంచి ఎత్తి పైన పెడుతున్నట్లు చదివారు. ఏడు వచనాలు. తర్వాత దగ్గు వచ్చి కాగితాలు నా చేతికిచ్చారు.

ఎనిమిదోది నేను చదివాను. నీవు కుదించలేవన్న వచనం. నా గొంతు సరిగానే ఉన్నది. తొమ్మిదోది ఎత్తుకోబోతుంటే పున్నమ్మగారు అడిగారు.

"ఏవండీ, రుచి చూడమంటున్నారు గదా. మీరు చూసారాండి?"

అయ్యగారు, "ప్రశ్నలు తర్వాతమ్మా" అన్నారు.

"తర్వాత మీరెళ్లిపోతారండి."

నేను, "మా ఆవిడ చూసిందండి" అన్నాను.

"ఆవిణ్ణి ఇప్పుడు అడగలేం గదండీ. మిమ్మల్నడుగుతున్నా."

అక్కా, ఆఫీసులో ఇలాంటి చోట వ్రాయడానికి ఒక వాక్యం ఉన్నది: ఈ విషయమై ఈ ఆఫీసుకు సమాచారం లేదు. అది నోటిదాకా వచ్చింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపే చూస్తున్నది. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషికి ఇంకొంచెం ఆగడం లెక్క కాదు.

నీకు కూడా చెప్పని సంగతి ఆ నలభై మందికీ చెప్పాను.

"మా ఆవిడ చివరి నెల నిద్రపోలేదండి. నొప్పి. మందులు పనిచేయలేదు. దీపం పెట్టే వేళకు ఒక్క వచనం చదవమనేది. ఆవిణ్ణి బ్రతికించమని దేవుణ్ణి అడుగుతూ చదివేవాణ్ణి. చదువుతున్నది వినేవాణ్ణి కాదు. వచనం పూర్తయ్యేలోపు ఆవిడ నిద్రపోయేది. ముప్పై ఒక్క రోజులు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ముఖంమీద నొప్పి ఉండేది కాదు. నేనడిగింది ఆయన ఇవ్వలేదండి. అది ఇవ్వలేదని పుస్తకం మూసేశాను. ఈ ముప్పై ఒకటీ ఎక్కడా వ్రాసుకోలేదు."

అయ్యగారి కలం ఆగి ఉన్నది. గాలికి నా చేతిలోని కాగితాలు ఎగిరిపోబోతే ఆదెమ్మగారు ఒక చివర పట్టుకున్నారు.

పున్నమ్మగారు తల ఊపారు. "అయితే చూసారు గదండీ," అన్నారు. "చదవండి మరి."

మిగిలిన పద్నాలుగు వచనాలు చదివాను.

నీ తమ్ముడు
ప్రేమానందం